ఏటిగట్టు ఎక్కేపాటి క్లచ్చు

రాజోలులో కాలవ రోడ్డు పక్కనున్న బాబ్జీ షెడ్డుకు ఆదివారం సెలవు. ఆ సంగతి తెలిసి కూడా లెక్కచెయ్యని మనిషి త్రిమూర్తులు ఒక్కడే. తను పని నేర్పినవాడి షెడ్డుకు తన విషయంలో సెలవేమిటని ఆయన ఉద్దేశం. ఆ ఆదివారం పొద్దున్న పాత టూ స్ట్రోక్ బండి మీద భార్య బేబీని ఎక్కించుకుని వచ్చి షెడ్డు ముందు ఆగబోయాడు. బండి ఆగలేదు. క్లచ్ పట్టుకునే ఉన్నా ముందుకు పాక్కుంటూ పోయి, షెడ్డు గుంజకు ఆనుకుని, ఒక్క కుదుపుతో ఇంజను ఆగిపోయింది.

బేబీ దిగి చీర సర్దుకుంది.

"చూసేవా బాబ్జీ? మొన్న సెంటర్లోనూ ఇంతే. ఆగున్న ఆటోని గుద్దేరు మీ మేస్త్రిగారు."

"గుద్దలేదే. ఆనించేను."

"ఆ, ఆనించేరు. ఆటోవోడి టీ మొత్తం వాడి చొక్కా మీదే ఉంది. ఇదిగో, ఇవాళ బాగవ్వకపోతే రేపట్నుంచి నేను ఆటోలో పోతాను. దీన్ని పాత ఇనప సామాన్లవోడికి ఇచ్చేద్దాం."

ఆవిడ పక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. తన షెడ్డు మూసేశాక త్రిమూర్తులుకు మిగిలిన పని, పొద్దున్న ఆవిణ్ణి దింపి రావడం, వంట అయ్యాక తీసుకురావడం. ఆటో మాట వినగానే ఆయన బండి ట్యాంకు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. బాబ్జీ అటు చూడనట్టు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

బాబ్జీకి ఇప్పుడు తల నెరిసింది. మీసాలు రాని రోజుల్లో త్రిమూర్తులు దగ్గర చేరాడు. తరవాత మస్కట్ వెళ్లి అక్కడ గ్యారేజీలో పనిచేశాడు, తిరిగొచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. మేస్త్రి దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటి మస్కట్‌లో కూడా వదల్లేదు. బండిలోంచి తీసిన పాత సామాను, చిన్న వాషర్ అయినా సరే, బండి తాలూకు మనిషి చేతిలో పెట్టాలి. "పాత సామాను చేతిలో పెట్టకపోతే నువ్వు చేసింది పని కాదురా, కబుర్లు" అనేవాడు త్రిమూర్తులు. మస్కట్‌లో ఫోర్‌మన్ దీనికి నవ్వేవాడు. బాబ్జీ మాత్రం పాత సామాను కాగితంలో చుట్టి సీటు మీద పెట్టేవాడు.

క్లచ్ లివర్ పట్టి చూశాడు. సగం దాకా ఉత్తినే వచ్చేస్తోంది. కిందటి వారం ఇదే బండికి కేబుల్ బిగించి పంపింది తనే. వంగి ఇంజను దగ్గర కేబుల్ సర్దే నట్టు చూశాడు. ఎవరో వెనక్కి తిప్పి వదులు చేశారు. నట్టు అంచుల మీద కటింగ్ ప్లయర్ పళ్లు గీసుకుపోయిన గుర్తులు తాజాగా మెరుస్తున్నాయి.

నట్టుకు స్పానరు కాకుండా ప్లయర్ పెడితే మొట్టికాయ వేసే మనిషి త్రిమూర్తులు.

ఈలోగా టీలు వచ్చాయి. మేస్త్రి కుడి చేత్తో గ్లాసు అందుకున్నాడు. మొబైల్ మోగితే గ్లాసు కింద పెట్టి, మళ్లీ కుడి చేత్తోనే జేబులోంచి తీశాడు. ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉంది. వేళ్ల కణుపులు వక్కకాయల్లా వాచి ఉన్నాయి. ఆ చేతికి గట్టి లివర్ లొంగడం లేదు. కేబుల్ వదులు చేస్తే లివర్ తేలికవుతుంది గానీ లోపల క్లచ్ ప్లేట్లు పూర్తిగా విడవవు, బండి ముందుకు లాగుతుంది. ఇది ఆయనకు తెలియదా? తెలిసే చేసుకున్నాడు.

"ప్లేట్లు వంకరపోయాయేమోరా," అన్నాడు త్రిమూర్తులు, గోడకేసి చూస్తూ.

"ఆయ్, విప్పి చూస్తానండి."

ఆయిలు దింపి, కవరు విప్పాడు. ప్లేట్లు అద్దం మీద పరిచి చూస్తే ఎక్కడా వంకర లేదు. వేడికి పాడయ్యాయని చెప్పి మార్చేస్తే ఆయన పరువు దక్కుతుంది. కానీ పాత ప్లేట్లు చేతిలో పెట్టాలి. ఆ చేతికి అబద్ధం ఎలా చెప్పడం?

బాబ్జీ ప్లేట్లు తుడిచి అవే వేశాడు. డబ్బాలు వెతికి ఒక చిన్న బండి క్లచ్ స్ప్రింగులు తీశాడు. పొడవు అంతే, బలం తక్కువ, లివర్ తేలిగ్గా లొంగుతుంది. కేబుల్ మెలిక లేకుండా తిప్పి, నూనె పట్టించి, కొత్త నట్టు వేసి, ఉండాల్సినంత బిగించాడు. పాత నట్టు మాత్రం జేబులో వేసుకున్నాడు. కొత్త ఆయిలు పోసి, చెయ్యి తుడుచుకుని, పాత స్ప్రింగులు తెచ్చి మేస్త్రి ఎడమ చేతిలో పెట్టాడు.

త్రిమూర్తులు వాటిని కుడి చేత్తో ఒక్కొక్కటే తీసి తిప్పి చూశాడు.

"ఇవి బాగానే ఉన్నాయి కదరా."

"ఆయ్, బాగానే ఉన్నాయండి."

"మరెందుకు తీసేవు?"

"మీరు ఎక్కడానికి కొండలేమున్నాయండి ఇక్కడ, ఏటిగట్టు తప్ప? మెత్తటివి చాలండి. గట్టు మీద క్లచ్ జారితే ఇవే మళ్లీ వేసేస్తాను. మీ దగ్గరుంచండి."

మేస్త్రి లేచి బండి దగ్గరికెళ్లి లివర్ నొక్కాడు. వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి, లివర్ పూర్తిగా దగ్గరికొచ్చింది. వదిలాడు. మళ్లీ నొక్కాడు. తరవాత వంగి కేబుల్ చూశాడు.

"నట్టు కొత్తదేసేవు. పాతదేదిరా?"

బాబ్జీ తప్పక జేబులోంచి తీసి ఇచ్చాడు.

"ఎవడో ప్లయర్ పెట్టేడు దీనికి," అన్నాడు త్రిమూర్తులు నెమ్మదిగా.

"ఎవడో పని రానోడండి. దొరికితే మీరు ఊరుకోరు కదండి."

"ఊరుకుంటానా? మొట్టికాయ పడుద్ది."

బేబీకి అర్థమైంది. తల పక్కకు తిప్పుకుని, "ముందు గట్టు ఎక్కించండి, మొట్టికాయలు తరవాత," అంది.

వంతెన దాటితే ఏటిగట్టు. బాబ్జీ వెనకాలే నడిచి వెళ్లి కింద నిలబడ్డాడు. చెవులు రెండూ ఇంజను మీదే. క్లచ్ జారితే మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. ఇద్దర్నీ మోసుకుంటూ బండి వాలు ఎక్కింది. మోతా, బండీ కలిసే పోతున్నాయి. గట్టు మీదికి చేరేసరికి కొబ్బరికాయల ట్రాక్టరు అడ్డమొచ్చింది. త్రిమూర్తులు గేరు తియ్యలేదు. క్లచ్ పట్టుకుని ఆగాడు.

ట్రాక్టరు మెల్లగా పోయింది. అంతసేపూ బండి కదల్లేదు. బేబీ కాలు కింద పెట్టలేదు.

అంత ఎత్తునుంచి మేస్త్రి వెనక్కి తిరిగి, "ఒరే, రేపు పొద్దున్న మీ బేబీ పిన్నిని బడి దగ్గర దింపి అట్నుంచటే వస్తాను. టీ చెప్పుంచు," అని అరిచాడు.