గోలగుడి పిల్ల పాపసంకీర్తనం

నాకు నోరు పెద్దదని మా అత్త ఊరంతా చెప్పేది. అందులో అబద్ధమేం లేదు. మాది రొంపిచెర్ల పక్క పల్లె. అక్కడ మా బాప్టిస్టు గుళ్లో ప్రార్థనంటే గోలే. గడ్డికప్పు కింద అందరూ ఒక్కసారే లేచి, కళ్లు మూసుకుని, ఎవరి కష్టం వాళ్లు గొంతెత్తి దేవుడికి చెప్పుకునేవాళ్లు. మా అమ్మదైతే చెప్పుకోవడం కాదు, జగడమే. "ఏంది తండ్రీ, మిరపతోట మలమలా మాడిపోతుంటే నీకు కనపడటంలా? పిల్లలకు ఏం పెట్టమంటావు?" అని చెయ్యి చాచి నిలదీసేది. మగాళ్ల వైపు నుంచి నాన్న ఎంత దగ్గినా ఆగేది కాదు. వాన పడితే మళ్లీ అంత గోలగానూ స్తోత్రం చెప్పేది.

అట్టాంటి గుళ్లో పెరిగినదాన్ని తీసుకుపోయి పిడుగురాళ్ల అవతల కతోలికుల ఇంటికిచ్చారు. నాన్నా మామా ఒకే మేస్త్రీ కింద రాయి కొట్టిన స్నేహం, ఆ స్నేహం మీద కుదిరిన సంబంధం. మా ఆయనకు సున్నపు బట్టీలో పని. పెళ్లికి ముందు తెల్ల ఫాదరు నన్ను వాళ్ల విచారణలో, అంటే వాళ్ల గుడి మందలో, కలుపుకున్నాడు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయనొక్కడే, గుర్రబ్బండి మీద తిరిగేవాడు.

ఆ గుళ్లో అంతా గుసగుసే. ఫాదరు అటు తిరిగి మాకు తెలియని భాషలో పూజ చేస్తుంటే, జనం మోకాళ్ల మీద కూచుని పెదాలు కదుపుతుంటారు. "మీది గోలగుడి" అని మా అత్త ఎత్తిపొడిచేది. "మీది గొణుగుడు గుడి" అని నేనూ అనేదాన్ని. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్లం కూడా.

నా కూతురు పోయాక నవ్వుల్లేవు.

ఏడాదిన్నర పిల్ల. ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్నాయి. యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. నరసరావుపేట ఆస్పత్రికి పోదామని తెల్లారకుండానే రోడ్డు మీదికొచ్చి కూచున్నాం. బస్సు దారిలో ఎక్కడో ఆగిపోయిందంట. పొద్దెక్కింది, ఎండ ముదిరింది. పిల్ల నా ఒళ్లోనే పోయింది. కాసేపటికి బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కండి ఎక్కండి అని అరుస్తున్నాడు.

మా అత్త కంట చుక్క నీరు రాలా. మూడోనాడే వచ్చి, "లేవే, జొన్నలు విసరాల. ఏడిస్తే వచ్చిద్దా? దేవుడి చిత్తం" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది మనిషా, రాయా అనుకున్నా. అంతటితో ఆమెతో సరిగ్గా మాట్లాడటం మానేశా. అదే రోజుల్లో నాకు ప్రార్థన కూడా పోయింది. మోకాళ్ల మీద కూచుంటా, నోరు తెరుస్తా, ఏ మాటా రాక లేచిపోయేదాన్ని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజూ మాట్లాడిన దేవుడు. పిల్లతోపాటు ఆయన్ని కూడా పోగొట్టుకున్నానా అని చానా భయమేసేది. ఇంకెవరున్నారు నాకు, అడగటానికి?

పుట్టింటికి పోయి మా గుళ్లో నిలబడితే వచ్చిద్దేమోనని పోయా. అదే గడ్డికప్పు, అదే గోల. అందరూ లేచి ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ నా వీపు మీద చెయ్యేసి, "అడగవే తల్లీ, అడుగు" అని ఏడ్చింది. నేను గుంజలాగా నిలబడ్డా. ఒక్క ముక్క రాలా. అమ్మ వంక చూడలేక వారం తిరక్కుండానే తిరుగు బండెక్కా.

తర్వాతి పాస్క పండగ, ఏసు తిరిగి లేచిన పండగ, దగ్గరికొచ్చింది. పండగలోపు అందరూ పాపసంకీర్తనం చేసి, ఫాదరు నాలిక మీద పెట్టే సత్ప్రసాదం అప్పం తీసుకోవాల. చిల్లుల చెక్క అడ్డం పెట్టుకుని ఫాదరు అవతల కూచుంటాడు, ఇవతల మోకరించి మన తప్పులు ఆయనకు మాత్రమే వినపడేట్టు చెప్పుకోవాల. అంతకుముందు రెండు మూడుసార్లు మా అత్త నేర్పిన నాలుగు ముక్కలు అప్పజెప్పి వచ్చేదాన్ని. ఈసారి రానన్నా. "రాకపోతే ఊళ్లో మేం తలెత్తుకోవద్దా? ముసుగేసుకుని పద" అంది అత్త.

గుడి నిండా ఆడోళ్లు. నా వెనకే మా అత్త, చేతిలో జపమాల. నా వంతు వచ్చింది, మోకరించా. అత్త నేర్పిన ముక్కలు ఒక్కటీ గుర్తుకు రాలా. "చెప్పు అమ్మా, చెప్పు" అన్నాడు ఫాదరు మెల్లగా. చెబుదామని కళ్లు మూసుకున్నా. కళ్లు మూయడమే నా కొంప ముంచింది. మా గుళ్లో కళ్లు మూస్తే నోరు తెరవాల్సిందే కదా, చిన్నప్పటి అలవాటు.

ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. "నేనేం పాపం చెప్పుకోవాల? ముందు నువ్వు చెప్పు! ఆ బస్సును ఎందుకు ఆపావు? నా పిల్ల నీకేం చేసింది? రోడ్డు మీద దానికి నీళ్లు కూడా పట్టలేదే, నువ్వు యాడున్నావు?" ఫాదరుతో కాదు నేనంటున్నది. కానీ అక్కడ ఆ సంగతి ఎవరికి తెలుసు? గుళ్లో గుసగుసలన్నీ ఆగిపోయాయి. గుడి పనులు చూసే ఉపదేశి పరిగెత్తుకుంటూ వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. అప్పుడు కళ్లు తెరిచా. అయ్యో, ఎంత పని చేశాను! సిగ్గుతో చచ్చిపోయా.

చెక్క అవతల నుంచి ఫాదరు ఉపదేశిని వదలమన్నాడు. ఆయనకు తెలుగు అంతంతమాత్రం. "నాకు జవాబు తెలియదు అమ్మా. నువ్వు రేపు కూడా రా. మళ్లీ అడుగు" అన్నాడు. అవతల నుంచే నా వైపు సిలువ గుర్తు వేసి పంపించాడు.

ఇంటిదాకా అత్త నన్ను ఉతికి ఆరేసిద్దని తెలుసు. నా వెనకే జపమాల తిప్పుకుంటూ నడుస్తోంది. ఆమె కూడా సంకీర్తనం చెయ్యకుండానే వరసలోనుంచి వచ్చేసిందని అప్పుడు గమనించా. పత్తిచేల దగ్గరికొచ్చాక, "ఏమే, ఆగు" అంది. తిట్టమని తల వంచుకుని నిలబడ్డా.

"అట్టా అడగొచ్చా?" అంది.

నాకు అర్థం కాలా.

"నాకూ ఇద్దరు పోయారే, నీ మొగుడు పుట్టకముందే. ఒకడు పాకుతుండగా, ఇంకోడు పురిట్లోనే. దేవుడి చిత్తం, నోరు మూసుకోమన్నారు, మూసుకున్నా. అడగొచ్చని నాకు ఎవరూ చెప్పలా." గట్టు మీద కూలబడింది. "నాకు అట్టా రాదే. నువ్వడుగు. వాళ్ల పేర్లు చెప్తా."

చెప్పింది. ఆమె పక్కనే కూచుని, ఆ పేర్లు పెట్టి గొంతెత్తి అడిగా. తర్వాత నా పిల్ల పేరు కూడా చెప్పి అడిగా. చేలో పత్తి కంప పీకేవాళ్లు పని ఆపి మా వంక చూశారు. చూస్తే చూడనీ. ఏడాది నుంచి రాని మాటలొచ్చి, మధ్యలో ఏడుపొచ్చి, మళ్లీ మాటలొచ్చి, వస్తూనే ఉన్నాయి. అత్త నా చెయ్యి వదల్లా.

సాయంత్రం మా ఆయన బట్టీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఆ ఇద్దరి పేర్లూ చెప్పి, మీ అన్నల్ని ఎక్కడ పూడ్చారు, పోయి చూసొద్దాం అన్నా. ఆయన చెంబు కింద పెట్టాడు.

"అన్నలేంది? మా అమ్మకు నేనే కదా మొదటోణ్ణి?" అన్నాడు.