చివరి పది నిమిషాల మనిషి

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం, ఫిబ్రవరి నెలలో, వినుకొండలో జరిగిన రాష్ట్రస్థాయి జూనియర్ ఫుట్‌బాల్ పోటీలకు మ్యాచ్ కమిషనర్‌గా నియమితుణ్ణయ్యాను. మ్యాచ్ కమిషనర్ అంటే చాలామంది రిఫరీ అనుకుంటారు. కాదు. ఈల వేసేది రిఫరీ. కమిషనర్ మైదానం బయట, మధ్యగీతకు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంటాడు. మైదానం కొలతలు, ఆటగాళ్ళ వయసు పత్రాలు, ఏ బెంచీ మీద ఎవరు కూర్చున్నారు, ఆటగాళ్ళ మార్పులు పద్ధతిగా జరుగుతున్నాయా అన్నవి చూడడం అతని పని. ఆట నడుస్తుండగా రిఫరీ నిర్ణయంలో వేలు పెట్టకూడదు. నిర్వాహకుల భోజనం తినకూడదన్న నిబంధన లేదు. అది నేను పెట్టుకున్నది. పెరుగన్నం డబ్బా, మంచినీళ్ళ సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళేవాణ్ణి.

ఆ మైదానం స్థలం మా తాతగారు ఇచ్చినది. ఆ సంగతి చెక్కిన రాయి ఇప్పుడు అక్కడి మూత్రశాల గోడలో ఉంది. గోడ కట్టిన మేస్త్రీకి చదువు రాకపోయి ఉండవచ్చు, కట్టించిన పెద్దలకు వచ్చు. మా ఎస్టేటు పోయింది, మేడ పోయింది, ఆ మేడను కొన్నవాడు దాన్ని కల్యాణ మండపం చేశాడు. ఇది ఫిర్యాదు కాదు. తర్వాత జరిగినదానికి అవసరం కనుక చెబుతున్నాను.

పోటీ ముందు రోజు ఉదయం కొలతలు తీసుకోవడానికి వెళితే మైదానంలో సగం మేర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కోతల కాలంలో మా ప్రాంతంలో ఖాళీ జాగా కనబడితే కల్లమే. సాయంత్రానికి ఎత్తించాను గాని, ఘాటును ఎవరు ఎత్తగలరు? ఆ వైపు నేలమీద పడి మోకాలు చీరుకున్నవాడికి ఆ మంట రెండు రోజులు తగ్గదు. అందుకని ఆ సగంలో ఎవరూ కింద జారి బంతిని తన్నరు. నేను గీతలు చూస్తుండగా మూతికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి వంగి, మట్టి వేలితో తీసి, నాలుక మీద పెట్టుకుని, గట్టిగా దగ్గాడు. ఆయనే తకెనాగ. జపానులో వృత్తి ఆటగాడిగా ఉండి విరమించి, మా వైపు ఒక అకాడమీకి కోచ్‌గా వచ్చినవాడు.

ఆ అకాడమీ పెట్టినది చలపతిరావు అనే కోల్డ్ స్టోరేజీ యజమాని. మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దాచిపెట్టి పైకి వచ్చినవాడు. రాష్ట్రస్థాయి పోటీలో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే పెద్ద చదువుల సీట్లలో క్రీడల కోటా ఉంటుందని తెలిసిన రోజు నుంచి మా ప్రాంతపు షావుకార్లకు ఫుట్‌బాల్ మీద భక్తి పుట్టింది. అంతకు ముందు వాళ్ళ పిల్లలు బంతి తన్నితే వీపు చీరేవాళ్ళు. చలపతిరావు జపాను కోచ్‌ను తెచ్చాడంటే అందరూ నోళ్ళు తెరిచారు. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించాడు: చలపతిరావు నిలువెత్తు బొమ్మ, పక్కన చిన్నగా తకెనాగ బొమ్మ, కింద ‘ప్రపంచ కప్ వీరుడు’ అని. తకెనాగ ఒక పిల్లవాడి చేత దాన్ని చదివించుకుని, నల్ల టేపు తెచ్చి, స్టూలు ఎక్కి ఆ మాటల మీద తానే అంటించాడు. మర్నాటికి అంతకంటే పెద్ద ఫ్లెక్సీ వచ్చింది.

నిజం ఆయనే నాకు చెప్పాడు, ఆ ఉదయం గీతల వెంట నడుస్తూ. మా మాటలు ఇంగ్లీషులో సాగాయి. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ, అందులో అబద్ధానికి చోటు లేదు. చేపల రేవు ఊళ్ళో పుట్టాడు. పదేళ్ళకు పైగా ఆడాడు, దాదాపు అంతా రెండో శ్రేణి జట్లలో. డిఫెండరు. మొదటి పదకొండు మందిలో ఉన్న ఆటలు తక్కువ. తమ జట్టు ఒక గోలు ముందుండి, ఆఖరి పది నిమిషాలు దాన్ని కాపాడవలసి వచ్చినప్పుడు ఆయన్ని దింపేవాళ్ళు. మిగతా కాలమంతా గీత బయట పరుగెత్తుతూ, ఒళ్ళు వేడి చేసుకుంటూ ఉండేవాడు. ఒక్కోసారి అలా పరుగెత్తుతూ ఉండగానే ఆట అయిపోయేది. ఒకనాడు మేనేజరు భోజనాల గదికి పిలిచి, ఇక అవసరం లేదన్నాడట. ఈయన వంగి నమస్కరించి, తన అల్మారా ఖాళీ చేసి, నేల ఊడ్చి వచ్చేశాడు. జట్లు వదిలేసిన ఆటగాళ్ళకు అక్కడ ఏడాది చివర ఒక పరీక్ష ఆట పెడతారు. క్లబ్బులవాళ్ళు వచ్చి చూస్తారు. రెండేళ్ళు వెళ్ళాడు. ఎవరూ ఫోను చేయలేదు. అక్కడి నుంచి థాయిలాండు, తర్వాత కలకత్తా, తర్వాత మిరప కల్లం.

ఇదంతా చెప్పేటప్పుడు ఆయన గొంతులో జాలి కోరడం లేదు. స్థానం పోయినా నడక మార్చుకోనివాణ్ణి గుర్తుపట్టడం నాకు కష్టం కాదు. మా చుట్టుపక్కల అటువంటివాళ్ళు అరుదు కనుక మరీ తేలిక.

ఆయన జట్టులో ఆటగాడు అనదగినవాడు మస్తాన్ వలి. పొదిలి దగ్గర ఒక మెట్ట ఊరివాడు. తండ్రి పత్తి మిల్లులో బేళ్ళు మోస్తాడు. రక్షణ మధ్యలో నిలబడే స్టాపరు. ఫైనల్‌కు చేరిన రెండు జట్ల నుంచి మాత్రమే రాష్ట్ర శిక్షణ శిబిరానికి పిల్లల్ని తీసుకుంటారు; శిబిరంలో హాస్టలు, తిండి, చదువు ఉచితం. మస్తాన్‌కు అది తప్ప వేరే దారి లేదు. అది అతనికీ తెలుసు, తకెనాగకూ తెలుసు.

సెమీఫైనల్ నాడు ఉదయం మేనేజర్ల సమావేశం జరిగింది. చలపతిరావు తన పేరు జట్టు మేనేజరుగా రాయించుకున్నాడు. బెంచీ మీద కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయట. ఎవరిని మేనేజరుగా పెట్టుకోవాలన్నది అకాడమీ హక్కు. కాదనడానికి నాకు అధికారం లేదు. అయితే పేరు రాయించుకున్న మనిషి ప్రేక్షకుడు కాడని, జట్టు అధికారి అవుతాడని, ఆట మధ్యలో అతను మైదానంలోకి వచ్చి అడ్డుపడితే అది ఆ జట్టు తప్పుగానే లెక్కకు వస్తుందని నిబంధన చదివి వినిపించాను. ఆ సమయంలో ఆయన ఫోనులో గుంటూరు మిర్చి యార్డు ధర కనుక్కుంటున్నాడు.

మొదటి సగంలోనే తకెనాగ జట్టు ఒక గోలు వేసింది. విరామం తర్వాత తకెనాగ బెంచీ మీది ముగ్గురు పిల్లల్ని లేపి గీత బయట పరుగు మొదలుపెట్టించాడు. ముగ్గురూ షావుకార్ల కొడుకులే. ఒకడు చలపతిరావు కొడుకు చిన్నా. అంతవరకు ఏ మ్యాచ్‌లోనూ దిగలేదు. సర్టిఫికెట్‌కు బెంచీ మీద కూర్చుంటే చాలదు, మైదానంలో కాలు పెట్టాలి. కొడుకులు పరుగెత్తడం చూసి తండ్రులు ఫోన్లు పైకెత్తారు. కాసేపటికి దించారు. పిల్లలు పరుగెత్తుతూనే ఉన్నారు.

గుంపులోంచి ఎవడో అరిచాడు. “ఏరా, బులెట్ బండి మీద వచ్చావుగా, ఎండలో ఎట్టుంది?”

ఇంకొకడు అందుకున్నాడు. “ఒరేయ్, ఆ జపానాయన ఈళ్ళని ఆరబెడతన్నాడురా. సాయంత్రానికి టిక్కీలకి ఎత్తొచ్చు.”

చలపతిరావు లేచి కోచ్ దగ్గరకు వెళ్ళి చేతులు తిప్పుతూ మాట్లాడాడు. తకెనాగ మైదానం మీద నుంచి చూపు తిప్పకుండా ఒక్కటే మాట అన్నాడు, తెలుగులో. “ఆగు.” పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు కనుక అందులో ‘అండి’ లేదు.

ముగ్గురిలో ఇద్దరు పిక్కలు పట్టేశాయని కూలబడ్డారు. చిన్నా మాత్రం మూతి బిగించి పరుగెత్తుతూ ఉన్నాడు.

అప్పుడు చలపతిరావు నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఆటగాణ్ణి మార్చాలంటే కోచ్ సంతకం చేసిన చీటీని, రిఫరీకి సాయంగా నా బల్ల పక్కన ఉండే నాలుగో అధికారికి ఇవ్వాలి. ఆయన బూట్లు, కాలి రక్షలు చూసి, రిఫరీకి సైగ చేస్తాడు. చలపతిరావు తెచ్చిన చీటీ మీద ఉన్నది తన సంతకం. ముగ్గురు లోపలికి, ముగ్గురు బయటికి. బయటికి వచ్చేవాళ్ళలో మొదటి పేరు మస్తాన్ వలిది.

“స్టాపర్ని తీసేస్తారా?” అన్నాను.

“ఆడికేముందండి, ఇందాకణ్ణించీ ఆడతానే ఉన్నాడుగా. అలిసిపోయుంటాడు.” కుర్చీ లాక్కోబోయి, నా మొహం చూసి ఆగాడు. “బాబుగారూ, మీరు కాదంటే ఎట్టాగండి? ఈ గ్రౌండు మీ తాతగారిచ్చిందే గదా. మీ మాటకి ఇక్కడ ఎదురేముంది?”

మా వంశం పేరు ఆయనకు ఆ పూటే గుర్తొచ్చింది. మా మేడ వేలం వేసిన రోజున బజారులో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళలో ఆయన ఒకడు.

“మా తాతగారు స్థలం ఇచ్చారు. నిబంధనలు ఇవ్వలేదు. దీని మీద కోచ్ సంతకం లేదు,” అని చీటీ వెనక్కి ఇచ్చాను.

“పోనీ ఆ మస్తాను గాడి అయ్యని పిలిపించి ఒప్పిస్తానండి.”

“అతను మిల్లులో పనిలో ఉన్నాడు. మీ లాగా ఖాళీగా లేడు,” అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

ఆట చివరి నిమిషాలకు వచ్చింది. ఎడమవైపు ఆడుతున్న కుర్రవాడు కాలు పట్టుకుని కూర్చున్నాడు. తకెనాగ చీటీ రాశాడు: లోపలికి చిన్నా. పరుగు ఆపనివాడు అతనొక్కడే. పంపే ముందు భుజం పట్టుకుని గోలు వైపు చూపించి, “కార్నర్ వస్తే, ఆ పోస్టు. నిలబడు. అక్కడే,” అన్నాడు. తన జీవితమంతా ఏ పని చేశాడో ఆ పనే ఆ పిల్లవాడికి అప్పగించాడు.

చిన్నా గీత దాటగానే చలపతిరావు ముఖం వెలిగింది. ఆ వెంటనే గొంతు లేచింది. “ఒరేయ్ చిన్నా, సర్టిఫికెట్ వచ్చేసిందిరా, ఇంక చాలు. బంతి జోలికి పోమాక. ఎంట్రన్సు పెట్టుకుని కాలు ఇరగ్గొట్టుకుంటావా?”

ఎదుటి జట్టుకు కార్నర్ దొరికింది, మిరప ఘాటు ఉన్న వైపే. మొదటి బంతిని మస్తాన్ ఆ నేల మీదే జారి తన్నేశాడు. మోకాలి చర్మం ఊడిందని బల్ల దగ్గర నుంచే కనిపించింది. అయినా లేచాడు. మళ్ళీ కార్నర్. ఈసారి బంతి పైకి లేస్తుండగా ముగ్గురు నలుగురు చిన్నా మీదికి దూసుకొచ్చారు. వాడు పోస్టు పట్టుకుని గీత మీద నిలబడ్డాడు.

చలపతిరావు బెంచీ మీద నుంచి లేచి, గీత దాటి, తెల్ల చొక్కాతో గోలు దాకా పరుగెత్తాడు. మా ప్రాంతపు తండ్రి చేయగల పని అది. కొడుకు రెక్క పట్టి లాగాడు.

“వదులు నాన్నా. ఇక్కడే నిలబడమన్నారు.”

“వాడెవడ్రా చెప్పడానికి? పదరా బయటికి.”

చిన్నా కదలలేదు. ఎదుటివాడు తలతో కొట్టిన బంతి వచ్చి చలపతిరావు వీపుకు తగిలి బయట పడింది. ఆయన జీవితంలో ఆపిన గోలు అదొక్కటే.

రిఫరీ ఈల వేశాడు. కుర్రవాడు, కొత్తగా రాష్ట్ర ప్యానెల్‌లోకి వచ్చినవాడు. నా వైపు చూశాడు. నేను ఎటూ చూడలేదు. లోపలికి వచ్చినవాడు ప్రేక్షకుడైతే బంతిని ఊరికే నేల మీద వదిలి ఆట కొనసాగిస్తారు. జట్టు అధికారి అయితే, గోలు ముందు పెట్టె గీతల లోపల అయితే, పెనాల్టీ. రిఫరీ ఎర్ర కార్డు తీసి మేనేజరుకు చూపించి, పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చాచాడు.

“నేను మేనేజర్నయ్యా, నన్నెవడు పొమ్మనేది?” అని చలపతిరావు అరిచాడు. మేనేజరు కాబట్టే పొమ్మన్నారన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పెనాల్టీ గోలయింది. సమయం ముగిసింది. ఫలితం తేల్చడానికి రెండు జట్లూ ఐదేసి కిక్కులు తీశాయి. మస్తాన్ వలి చీరుకుపోయిన మోకాలితో కుంటుతూ వచ్చి తన కిక్కు గోలు చేశాడు. వాళ్ళ జట్టులో మరో ఇద్దరు చేయలేకపోయారు. ఫైనల్ పోయింది, దానితో శిబిరమూ పోయింది.

తకెనాగ ప్లాస్టిక్ కోన్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్నాడు. ముందుగా మస్తాన్ దగ్గరకు వెళ్ళి, వంగి, ఆ మోకాలి మీద సీసాతో నీళ్ళు పోశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి ఒక్క ప్రశ్న అడిగాడు. బంతి వచ్చినప్పుడు చిన్నా గీత మీద ఉన్నాడా? మనుషులు అడ్డం రావడంతో ఆయనకు కనబడలేదట. ఉన్నాడన్నాను, తండ్రి అడ్డుపడకపోతే ఆ బంతి వాడి తొడకే వచ్చేదన్నాను. ఆయన తల ఊపి, కోన్‌ల సంచి భుజాన వేసుకున్నాడు.

చిన్నా సర్టిఫికెట్ మీద సంతకం చేశాను. మిగతా ఇద్దరివి కూడా పంపారు. సంతకం లేకుండా తిప్పి పంపాను. నన్ను ఆ తర్వాత వినుకొండకు ఎవరూ పిలవలేదు. ఆ వేసవిలో తకెనాగ ఒప్పందాన్ని అకాడమీవాళ్ళు పొడిగించలేదు. జట్టును గెలిపించలేదని కారణం చెప్పారు. మరుసటి ఏడు అకాడమీ నడిచిన షెడ్డులోనే చలపతిరావు స్కేటింగ్ పెట్టాడు. కోటా అందులో ఇంకా తేలికట. మస్తాన్ వలి దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి చేరాడని విన్నాను.

ఆటను పాడు చేసేవాడు గుంపులోంచి వస్తాడని ఉద్యోగమంతా కంచెల మీద, పోలీసుల మీద దృష్టి పెట్టాను. వాడు బెంచీ మీద నుంచి వస్తాడు, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని. ఆ తర్వాత వేరే ఊళ్ళలో నేను కమిషనర్‌గా పనిచేసిన రెండు పోటీలలోనూ మేనేజర్లను సమావేశంలో ఒక్కొక్కరినీ లేపి, ఆ నిబంధనను వాళ్ళ చేతనే పైకి చదివించాను. చదవలేనన్నవాణ్ణి ప్రేక్షకుల్లో కూర్చోబెట్టించాను.