నీళ్లు రాని ట్యాంకు, పేరు రాని పెద్దమనిషి

నన్ను వివాదాస్పద రచయిత అంటారు. వివాదానికి కనీసం ఇద్దరుండాలి కదా. నారాయణఖేడ్‌లో ఇన్నేళ్లుగా నేను రాస్తూనే ఉన్నాను, అడిగినదాని మీద ఎదుటివాడు ఇంతవరకు నోరు విప్పలేదు. విలేకరిగా రాసినప్పుడు పలకలేదు, పుస్తకం వేసినా పలకలేదు. ఎవరెవరు పలకలేదో నాకు వరుసగా గుర్తుంది.

నేను అడిగింది పెద్ద విషయమేం కాదు. కంగ్టి దగ్గరి ఒక పల్లెలో నీళ్ల ట్యాంకు కట్టారు. రిబ్బన్ కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ కొబ్బరినీళ్లు తప్ప అక్కడ ఇంకో చుక్క పడలేదు. ఆడవాళ్లు ఇప్పటికీ బిందెలెత్తుకుని పొలాల్లో బోర్ల దగ్గరికే నడుస్తున్నారు. ఆ మాటే వార్తగా పంపాను. మా పత్రికలో ట్యాంకు ఫొటో వచ్చింది, నీళ్లు లేవన్న వాక్యం పోయింది. చివర 'ఈ కార్యక్రమంలో పాల్గొన్నారు' అంటూ పేర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. మా జిల్లా పేజీలో ఏ వార్తకైనా ఆ పేర్ల వరుసే ప్రాణం. ఒక్క పేరు తప్పిపోతే తెల్లారేసరికి ఫోన్ మోగుతుంది. ఎండిన నల్లా గురించి ఎవరూ ఫోన్ చేయరు.

గొడవపడి ఆ పత్రిక వదిలేశాను. వాళ్లే నన్ను తీసేశామని చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. తర్వాత పుస్తకం రాశాను. ట్యాంకు ఎవరు కట్టించారో అందరికీ తెలుసు, పనిని తిడితే చాలు, పేరెందుకని వదిలేశాను. అదే కొంప ముంచింది.

బస్టాండు ముందు టీ కొట్టులో కూర్చుని ఉంటే, ట్యాంకు కట్టించిన పెద్దమనిషి తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. చేతిలో నా పుస్తకం. కొడతాడేమోనని గ్లాసు కింద పెట్టాను.

"ఏంది తమ్మీ, గింత పుస్తకంల నా పేరు ఒక్కతాన లేదు?"

"తిట్టిన గదనే అండ్ల. పేరు గూడ గావాల్నా?"

"తిట్టు, ఎవరొద్దన్నరు? పేరు వెట్టి తిట్టు. గా ట్యాంకు తానే కట్టించిన్నని మాజీ సర్పంచి చెప్పుకుంట తిరుగుతుండు."

"మరి నీళ్లెప్పుడొస్తయే?"

"గది వేరే ముచ్చట. ముందుగాల పేరు సంగతి జెప్పు."

వెనకున్నవాడు వంగి, "మావి గూడ రాయన్నా, పాల్గొన్నారని," అన్నాడు. టీ కొట్టాయన నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు.

తర్వాత ఆ పల్లెకు పోతే, ఒక ముసలమ్మ నెత్తిమీది బిందె దించకుండానే అడిగింది. "పుస్తకం రాసినవంట గద. మరి నీళ్లేవి బిడ్డా?"

ఆ జవాబు చెప్పాల్సినవాడు పేరు కోసం బస్టాండు చుట్టూ తిరుగుతున్నాడు.

రెండో ముద్రణ సిద్ధం చేస్తున్నాను. పెద్దమనిషి పేరు వేస్తాను, వెంట తిరిగేవాళ్లవీ వేస్తాను, కావాలంటే కండువాతో ఫొటో కూడా. కానీ నల్లాలో నీళ్లు ఏ రోజు వస్తాయి? అది నాకు చెప్పడానికి టీ కొట్టుకి రావద్దు, పెద్దమనిషీ. ఆ పల్లెకు పోయి, ఆ ముసలమ్మ ఎదుట నిలబడి చెప్పు.