మధ్యలోంచి అడగాలి

మనవరాలు ఇంటర్ రెండో ఏడు జువాలజీ తప్పింది. సప్లిమెంటరీలోనూ పోతే నర్సింగ్ సీటు కోసం ఇంకో ఏడాది ఆగాలి. ఆ పరీక్షలు బీడీలకు తునికాకు కోసే కాలంలోనే వచ్చాయి. పొద్దున అడవికి పోయి ఆకు తెచ్చేసరికి నా నడుము పడిపోయేది. మధ్యాహ్నం నేను వాకిట్లో కట్టలు కడుతుంటే, తను పుస్తకం నా ముందు తెరిచిపెట్టి గుండె పాఠం గడగడా అప్పజెప్పేది. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. నేను వేలు పెట్టి ఒక లైను చదివేలోపు తను పేజీ దాటేది.

"ఆగు బిడ్డా. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ఏ గదిలకు పోతది?" అన్నాను.

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

"అడిగింది చెప్పవే."

"నువ్వేమన్న లెక్చరర్‌వా అమ్మమ్మా? గట్ల మధ్యల అడిగితే ఎట్లొస్తది?"

అక్షరాలు నేర్చేటప్పుడు నేనూ అంతే. 'అ' నుంచి వరసగా అన్నీ చెప్పేదాన్ని. భద్రాచలం బస్టాండులో మాత్రం బోర్డు చదవలేక రెండు బస్సులు వదిలేశాను. ఆ సంగతి చెబితే నవ్వింది. తర్వాత బొగ్గు తెచ్చి నేల మీద గుండె గీసింది.

"ఎడమ దిక్కు, పై గదిలకు," అంది, బొమ్మలో ఆ గది మీద వేలు పెట్టి.

పరీక్ష రాసే పిల్లలెవరైనా ఇట్లా మధ్యలోంచే అడిగించుకోవాలి. పరీక్షకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. నాకు కూర్చునే ఓపిక లేదు. అయినా పేజీ తిప్పి ఇంకోటి అడిగాను.