నేనిచ్చిన ఇంటిపేరు

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉప్పాడకు ఇవతల, అలలు విరిగే చోటుకు అవతల ఎక్కడో ఉండేదని మా తాత వేలు పెట్టి చూపేవాడు. సముద్రం ఊరిని మింగేసింది, పేరు మాత్రం మాతో ఒడ్డుకు వచ్చింది. చేపలు పట్టుకు బతికే మాకు పొలాలూ లేవు, పట్టాలూ లేవు. పెద్దలిచ్చిన ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని నేను ఒకరోజు కోపంలో దానం చేశాను. దాంతో నా చెల్లెలి బతుకు మట్టిపాలైంది.

రంగూన్ కలప మిల్లులో పనిచేసిన ఆరేళ్లలో నాకు నాలుగు అక్షరం ముక్కలూ, ఒక స్నేహితుడూ దొరికారు. అతను చీనా దేశపు వడ్రంగి. నాకు జ్వరం వచ్చి మనవాళ్లే పక్కకు రానప్పుడు గంజి కాచి పోసింది అతనే. నేను తిరుగు ఓడ ఎక్కిన రోజున, తనకూ వెనకా ముందూ ఎవరూ లేరని, బాడిసా ఉలీ సంచిలో వేసుకుని నా వెంట వచ్చేశాడు. ఆ ఏటి గాలివానకు మా నావలన్నీ పగిలి ఉన్నాయి. వచ్చీ రాగానే అతనికి ఊళ్లో పని, మా వసారాలో చోటు దొరికాయి. నేను అతన్ని "బావా" అని పిలిచేవాణ్ణి. మాలో వేరే ఇంటిపేరు వాళ్లంతా బావలే. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములు.

ఆ వసారాలోనే నా చెల్లెలు వలలు బాగుచేస్తూ కూర్చునేది. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు సముద్రంలో పోతే మా ఇంటికి తిరిగొచ్చింది. ఒక సాయంత్రం అతన్ని అడిగింది, "మీకూ ఇంటిపేర్లు ఉంటాయేంటండీ?"

"ఉంటాయి. మీలాగే ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు."

రంగూన్ కూలీల దగ్గర పట్టుకున్న తెలుగులో తడుముకుంటూ చెప్పుకొచ్చాడు. వేల ఏళ్ల కిందట వాళ్ల మహారాజు తమ్ముళ్లకూ సేనానులకూ తలా ఒక రాజ్యం పంచాడట. ఆ రాజ్యాలు ఒకదాన్నొకటి మింగేశాయి. రాజ్యం పోయినవాళ్లు దాని పేరే ఇంటిపేరుగా పెట్టుకుని చెట్టుకొకరు, పుట్టకొకరు అయ్యారు. కొందరికి చేసే పనే ఇంటిపేరైంది. అన్నిటికన్నా పాతవి మాత్రం తల్లుల వైపు నుంచి వచ్చాయంటారట.

"అప్పుడు తండ్రి ఎవరని అడిగేవాళ్లు లేరు. అమ్మ పేరే పేరు," అన్నాడు.

"మంచి కాలమండీ అది," అని నా చెల్లెలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

నేను పక్కనే ఉండి విన్నాను. ఆ నవ్వు ఎవరి కోసమో మాత్రం నా మట్టిబుర్రకు ఎక్కలేదు. మాలో మారుమనువు తప్పు కాదు. అడిగి ఉంటే నేనూ కాదనేవాణ్ణి కాదు.

వేసవిలో ఊరికి వాంతులూ విరేచనాలూ తగులుకున్నాయి. పక్షం తిరక్కుండా సగం ఇళ్లలో శవాలు లేచాయి. అమ్మోరికి జాతర చేయాలన్నారు కులపెద్దలు. మా జాతరలో ఒక్కో ఇంటిపేరుకూ నెత్తిన మోసే అమ్మోరి కుండ ఒకటి ఉంటుంది, అదే ఘటం. ఆ ఇంటిపేరు వాళ్లంతా దాని వెనక నడవాలి. ఏ ఘటం వెనకా చోటులేనివాడు ఆ రోజుకి ఊళ్లో ఉండకూడదు. గుడి ముందు కూర్చుని పెద్దాయన తేల్చేశాడు: "ఆ చీనావోణ్ణి పంపించేయాల్రా. ఆడిది ఏ ఘటం?"

నాకు తిక్క రేగింది. మీ నావలు చెక్కినప్పుడు ఏ ఘటమో అడిగారా అని అరిచాను. పక్కనే ఉన్న అతను ఏదో చెప్పబోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూరుకో బావా," అని విదిలించుకున్నాను. అమ్మోరి ముందున్న పసుపునీళ్ల చెంబు తీసి అతని నెత్తిన పోశాను.

"ఇయ్యాల్టి నుంచి మా ఇంటిపేరే ఈడిది. ఈడు నా తమ్ముడు. ఎవడు పంపిస్తాడో చూస్తాను!"

పెద్దాయన గడ్డం గోక్కుని సరేనన్నాడు. నేను లంక గెలిచినవాడిలా రొమ్ము విరుచుకుని ఇంటికొచ్చాను.

చెల్లెలు గుమ్మంలోనే ఉంది. "ఒప్పుకున్నారా అన్నియ్యా?" అంది. ముఖం వెలిగిపోతోంది.

"ఒప్పుకోక చస్తారా? మన ఇంటిపేరు ఇచ్చేశాను. ఇక ఆడు నీకు అన్న."

ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "ఆయన అడగలేదా? పెద్దల ముందు నన్నిమ్మని అడుగుతానని కదా నీతో వచ్చింది!" అంది.

నా వెనక నుంచి అతను నెమ్మదిగా అన్నాడు, "మా దేశంలో కూడా అంతే. ఒకే ఇంటిపేరైతే పెళ్లి లేదు. వెయ్యేళ్లు గడిచినా లేదు."

పరుగెత్తుకెళ్లి పెద్దాయన కాళ్లు పట్టుకున్నాను. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదరా. ఇల్లరికపు అల్లుడని మీ ఘటం వెనకే నడిపించేవోళ్లం," అన్నాడాయన. "అమ్మోరి ముందు ఇచ్చిన పేరు. ఎనక్కి తీసుకుంటే ముగ్గుర్నీ వెలేస్తాం." వెలి అంటే నిప్పు ఇవ్వరు, నీళ్లు తోడుకోనివ్వరు, ఎవరి నావలోనూ చోటుండదు. మీరిద్దరూ రంగూన్ పోండి, నా చావు నేను చస్తానన్నాను. అతనే ఒప్పుకోలేదు. ఎక్కడికి పోయినా ఆమె ఇక చెల్లెలే అన్నాడు.

జాతరలో అతను మా ఘటం వెనక నా పక్కనే నడిచాడు. ఆ తర్వాత రెండేళ్లు అదే వసారాలో ఉన్నాడు. చెల్లెలు అన్నం పెట్టేది, పలకరించేది కాదు. మూడో వేసవిలో ఆ వాంతులే అతన్నీ పట్టాయి. పూట తిరక్కుండా పోయాడు.

శవానికి స్నానం చేయించే ముందు తలకు నూనె పెట్టాలి. "ఆడతోబుట్టువుని ముందు రమ్మనండి," అని పెద్దాయన కేకేశాడు. ఊరంతా చెల్లెలి వైపు చూసింది. నూనె గిన్నె నేనే ఆమె చేతికిచ్చాను. అందుకుని చాలాసేపు అతని ముఖం చూసింది. తర్వాత గిన్నె నేల మీద పెట్టేసింది.

"ఈయన నాకేమీ కాడండి," అని పెద్దాయనతో చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

నూనె నేనే పెట్టాను. లోపల ఆమె ఏడుస్తుందేమో, ఏడిస్తే బాగుండునని చెవులు అటే వేసి కూర్చున్నాను. ఏడవలేదు.