మూడో నంబరు అద్దం

ఇప్పుడు మీరు ఫోను చాపి ఈగ కళ్లు కూడా ఫోటో తీసేస్తారు గానీ, పిల్లలూ, నాకింకా పెళ్లికాని ఆ కాలంలో ధర్మవరంలో ఫోటో అంటే మనిషి కుర్చీలో బిగుసుకుని కూర్చుంటే తీసేదే. మా మామకి చిన్న స్టూడియో ఉండేది. (ఆడవాళ్ల కొంగులు సర్దడానికి నన్ను పెట్టుకున్నాడు; నేనేమో ఫోటోగ్రాఫర్నే అనుకునేదాన్ని.) ఆయన కెమెరాకి పైనొక కన్ను, కిందొక కన్ను. పై కంటితో మనం చూస్తాం, కింది కన్ను ఫోటో తీస్తుంది. చిన్న వస్తువుల్ని దగ్గరగా తీయడానికి ఆ కళ్లకి తగిలించే అద్దాలు మూడు జతలు బెంగుళూరు నుంచి తెచ్చి దాచుకున్నాడు. నంబరు పెరిగేకొద్దీ ఇంకా దగ్గరికి పోవచ్చు. వాటితో మాత్రం ఎవరికీ పని పడలేదు.

పడిన రోజు మా ఇంట్లోనే పడింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, తన పెళ్లిచీరని పాతజరీ కొనే సాయిబుకి ఇచ్చేస్తానంది. పట్టు మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది, జరీ మాత్రం గట్టిది. అది కరిగిస్తే వచ్చే వెండి నా పెళ్లిచీర జరీకి. సాయిబు సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. మగ్గం నేసే నాయన దిగులు వేరు. ఆ అంచులో గోరంత పక్షి ఉంది, ఊళ్లో ఇంకెవరి చీరలోనూ లేదు. నా చీరలో అదే నేయాలని ఆయన ఆశ. పోగులు లెక్కపెట్టబోతే కళ్లు నీళ్లు కారుతున్నాయి. చీర కరిగితే పక్షీ పోయినట్టే. (అది చిలకని అవ్వ, నెమలని నాయన, నేను పుట్టకముందు నుంచీ తగువు.)

మామని కెమెరాతో సహా లాక్కొచ్చాను. రీలులో మిగిలింది ఒక్క ఫోటో. ఒకటో నంబరుతో చూస్తే పక్షి నువ్వుగింజంత. నేను మూడోది పెడదామన్నాను.

"వద్దమ్మీ. దాంతో ఊపిరి పీల్చినా బొమ్మ చెదిరిపోతాది" అన్నాడు మామ.

"అయితే పీల్చం మామా."

నవ్వి తగిలించాడు. అంచుని పలకకి ముడత లేకుండా కట్టి ఎండలో నిలబెట్టాం. పక్షికీ కెమెరాకీ మధ్య మూరకంటే తక్కువ దూరం, పట్టుదారానికి ముడివేసి కొలిచాం. కెమెరాని పీటమీద పెట్టి, పీటనే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరిపాను. ఒక్కసారిగా పక్షి కన్ను మెరిసింది! నా గుండె మగ్గంలా ఆడింది. ఇక పై కన్ను ఉన్నచోటికి కింది కన్ను రావాలి గనక పీట కింద పలకలు దూర్చి లేపాం. పై కన్ను పక్షిని దాటి పైకి పోయింది గనక, అప్పట్నుంచి ఫోటోలో ఏం పడుతుందో మనకి కనబడదు. సరిగ్గా అప్పుడే చెనిక్కాయలు, బెల్లం నములుతూ అవ్వ వచ్చి, ఆ బెల్లం అంటిన వేలితోనే పక్షి ముక్కు పొడిచింది.

"ఈ వంకర సూడు. చిలక్కి కాక యెవురికుంటాది?"

ఆమెని పక్కకి జరిపి, అందరం ఊపిరి బిగబట్టాక మీట నొక్కాను. నొక్కాక వంగి చూస్తే, ముక్కు దగ్గర్నుంచి ఓ చీమ తాపీగా దిగిపోతోంది. చెప్పేలోగా సాయిబు కేకేశాడు, చీర వెళ్లిపోయింది.

మామ కడిగి పెద్దదిగా వేసిన ఫోటోలో చిలకే. అవ్వ గెలిచింది. ముక్కున మాత్రం ఆరు రేకుల్లాంటిదేదో ఉంది. నేను అది చీమని మొత్తుకున్నాను.

"పట్టుమీద చీమకేం పనే? మొగ్గ అది. ఇన్నాళ్లూ నా కంటికి ఆనలేదు" అన్నాడు నాయన.

అవ్వ వేలు కొంగులో చుట్టుకుని, "మొగ్గే రా. మా యమ్మ గూడా సెప్పేది" అంది. (ఎన్నడూ చెప్పలేదు.)

నా పెళ్లిచీర అంచు నిండా చిలకలు, ప్రతి చిలక నోటా ఒక చీమ. చూసినవాళ్లు మెచ్చుకుని తామూ నేయించుకున్నారు, చిలకమొగ్గ అంచని పేరు కూడా పెట్టారు.

మొన్న ఆ చీర మీకు పంపితే, అంచు ఫోటో తీసి "అవ్వా, ఇదేం పువ్వు?" అని అడిగారు కదా. మామ ఇచ్చిపోయిన మూడో నంబరు అద్దం నా దగ్గరే ఉంది, సూదిలో దారం ఎక్కించుకోవడానికి. మీ ఫోటోమీద దాన్ని పెట్టి చూస్తూ నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను, చీమ ఎక్కడ దిగిపోతుందోనని.