ఒకే కార్డు మీద రెండు చేతులు

నా చెల్లె నలభై ఏండ్లు బీడీలు చేసింది. సర్కారు కాగితాల్లో మాత్రం ఆమె ఒక్క బీడీ కూడా చేయలేదు. అందుకే ఆమెకు బీడీ కార్మికుల పింఛను లేదు.

ఈ మాట మళ్లీ మనసులో మెదలడానికి కారణం మొన్నటి పింఛన్ల రోజు. పోస్టాఫీసు ముందు నీడలో మా వదినె మిషను మీద వేలు పెట్టి పక్కకు జరిగింది. ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చిన నా చెల్లె ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని దగ్గుతూ ఉంది. "నా పింఛన్ల సగం దాని చేతులయే మర్దీ. గీ ఏలు పెట్టుడు నాకే సిగ్గయితది" అంది వదినె. "సిగ్గెందుకే, వెట్టు. ఏలన్న నీది ఉన్నది గద" అని నవ్వింది చెల్లె. నవ్వు వెంటనే దగ్గైంది. తంబాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పి రెండేండ్లయింది. పింఛను వస్తే బీడీల చాట పక్కకు పెడతానని ఆమె అన్నది కూడా అప్పుడే. ముసలి పింఛనుకు ఆధార్ కార్డులో ఆమె వయసు ఇంకా చాలదు. ఇంట్లో ఆఖరిది, నాకంటే పదిహేనేండ్లు చిన్న.

మా ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరం. ఆ రోజుల్లో మా వాడలో బీడీల చాట ఒళ్లో లేని ఆడమనిషిని చూడాలంటే పెండ్లిళ్ల దినమే చూడాలి. బోథ్ వైపు అడవుల నుంచి వచ్చిన తునికాకును రాత్రి తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టేవారు. తెల్లారి ఆకు వాసన, తంబాకు ఘాటు కలిసి ఇంటికి అదొక గాలి ఉండేది. నేను బడికి పోలేదు. తంబాకు పొట్లాలకు చుట్టి వచ్చిన పత్రికల ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఏ వార్తకైతే మొదలు దొరికేదో దానికి చివర దొరికేది కాదు. దేశంలో ఎన్ని ప్రభుత్వాలు పడిపోతాయన్నారో నాకు తెలుసు, పడ్డాయో లేదో తెలియదు. అయినా వాడలో అక్షరం వచ్చినవాణ్ణి నేనే కనుక ఉత్తరాలు, దరఖాస్తులు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. నాకూ కొంత గీర ఉండేది, దాచడం దేనికి.

మా అన్న ఇంటి అరుగు మీద వదినె, చెల్లె ఎదురెదురుగా కూర్చుని చేసేవారు. ఇద్దరి బీడీలూ ఒకే గంపలో, కార్ఖానా ఇచ్చిన ఒకే కార్డు మీద, వదినె పేరుతోనే పోయేవి. మా దగ్గర చాలా ఇండ్లలో ఇదే పద్ధతి. చెల్లెను అదే ఊళ్లో రెండు వాడల అవతల ఇచ్చాం. పెండ్లయ్యాక కూడా పొద్దున్నే ఆ అరుగు మీదికే వచ్చి కూర్చునేది. ఇప్పుడేమో కార్డు, పీఎఫ్ నంబరు ఉన్నవారికే పింఛనంటున్నారు.

మండలాఫీసుకు ఐదు దరఖాస్తులు రాశాను. ఒక్కోటి ఒక్కో రకం కోపంతో రాశాను. ఐదోదానికి చెల్లెను వెంట తీసుకుపోయాను. "తాతా, ఆమె బీడీలు చేసినట్టు కాయితం తే" అన్నాడు అక్కడి కంప్యూటరు పిల్లగాడు. కత్తెర పట్టి పట్టి కాయలు కాసిన ఆమె వేళ్లు బల్ల మీద పెట్టించి "ఇగో, సూడు" అన్నాను. వాడు నిజంగానే చూశాడు. "చేతులు అప్‌లోడ్ కావు తాతా" అన్నాడు, మెల్లగానే.

సాక్ష్యం కావాలంటే కార్ఖానా చెకర్ సాబ్ ఒక్కడే దిక్కు. గంపలు విప్పి మంచి బీడీలు, చెడ్డ బీడీలు ఏరినవాడు ఆయనే. ఇప్పుడు ఆదిలాబాద్‌లో కూతురింట ఉంటున్నాడని తెలిసి, నిర్మల్‌లో బస్సు మారి, పత్తి లారీల వెనక వెనక ఎట్లనో చేరాను. ఆయన చాయ్ తెప్పించి, నేను రాసుకుపోయిన సాక్ష్యం కాగితం చదివి, సంతకం చేశాకే మాట్లాడాడు.

"నాకెరిక లేదా భయ్యా? మీ వదినెమ్మ బీడీ మూతి నాలుగు మడతలు. మీ చెల్లెది మూడే, మస్తు గట్టిగ. గంప విప్పంగనే తెలుస్తుండె, రెండు చేతులని."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే సాబ్?"

"చెప్తే కార్డే కట్ అయితుండె. ఇద్దరూ పరేషాన్ అయితుండ్రి." గ్లాసు కింద పెట్టాడు. "జర ఒక మాట అడుగుత. కార్డులిచ్చిననాడు మీ వాడ ఫారాలన్ని నింపింది నువ్వే గద. నీ రాత నాకు యాదికుంది. రెండో పేరు ఎందుకు రాయలే?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. జవాబు ఉన్నది, కానీ పైకి అనదగింది కాదు. పెండ్లయి పోయే పిల్లకు కార్డెందుకు, పోయినాక వట్టిగ పోతది అనుకున్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను, నేనే రాయలేదు.

బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరికి పోయాను. చెల్లె తలెత్తకుండా ఆకు కత్తిరిస్తోంది.

"నీ పేరు నేను రాయలేదని నీకెరికేనా?"

"ఎరికే. దర్వాజ కాడనే నిలవడ్డ గద. రాస్తవేమోనని సూసిన."

"మరి అడగకపోతివేంది?"

"నువ్వు సదువుకున్నోనివి గద చిన్నన్నా. ఏదన్న కారణం ఉంటదనుకున్న."

ఆరో దరఖాస్తులో కోపం లేదు. ఆ దినం ఫారం నింపింది నేనే, పేరు వదిలింది నేనే, నా తప్పుకు ఆమెను శిక్షించవద్దు అని రాసి, చెకర్ సాబ్ సంతకం, వదినె వేలిముద్ర జతచేశాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మా ఇంటికి సర్కారు రాసిన మొదటి ఉత్తరం అదే. చెల్లె చాట ఒళ్లోనే పెట్టుకుని విన్నది. ఉన్నదున్నట్టు చదివాను:

"పొరపాటు తమదేనని తాము స్వయంగా అంగీకరించినందున, ఇంత కాలం గడిచిన తరువాత ఈ కార్యాలయం చేయవలసినది ఏమీ లేదు. ఫైలు మూసివేయడమైనది."